మూడు తొట్లు, రెండు జతల కాళ్లు

నేను అడవులదీవికి కాపురానికొచ్చిన నెలకే మా రొయ్యల చెరువులు మూడింట్లో రెండు తెల్లమచ్చ తెగులుకి పోయాయి. "అంతా కోడలు కాలు పెట్టిన వేళ!" అంది మా అత్త వెంకటరమణమ్మ. మిగిలిన చెరువు పట్టుబడి అయ్యేదాకా, అంటే రొయ్యలు పట్టి అమ్మేదాకా, రేపల్లెలో పుట్టింట్లో ఉండమంది. మా ఆయన నాగార్జున అప్పుడే బస్సు టైము చూడ్డం మొదలెట్టాడు. నాకు ఒళ్లు మండింది. బాపట్లలో డిగ్రీ చదివింది ఈ మాట పడ్డానికా?

"నా కాళ్ల మీదేగా అనుమానం? పరీక్ష పెడదాం అత్తయ్యా," అన్నాను. నా అనుమానం వేరే కాళ్ల మీదుంది. రొయ్యల డాక్టరని అందరూ పిలిచే బ్రహ్మానందం, తెగులొచ్చిన చెరువుల్లో దిగి, ఆ బురదకాళ్లతోనే మా చెరువుల్లోనూ దిగేవాడు.

మంచి చెరువులోని నీళ్లూ రొయ్యలూ తెచ్చి మూడు తొట్లలో పోశాను. మొదటిదాంట్లో నా కాళ్లు కడిగిన నీళ్లు కలిపాను. రెండోదాంట్లో డాక్టరుగారివి. బురదకాళ్లతో ఇంటికొచ్చిన మనిషికి కాళ్లకి నీళ్లివ్వడం మర్యాద కదా, పళ్లెంలో నిలబెట్టి నేనే కడిగాను. పెళ్లికొడుకులా మురిసిపోయాడు మహానుభావుడు. మూడోదాంట్లో ఏమీ కలపలేదు.

ఐదో రోజుకి రెండో తొట్లో రొయ్యలన్నీ మచ్చలేసి చచ్చాయి. మిగతా రెండింట్లో చెంగుచెంగున ఎగురుతున్నాయి.

"తప్పు కాలిది కాదత్తయ్యా, కాలికంటిన బురదది. తెగులు అందులోనే వస్తోంది," అన్నాను.

"అమ్మో, వాడిది శని కాలు! నా కోడలిది లక్ష్మీపాదం!" అని అత్త నా బుగ్గలు నిమిరింది. ఆ రోజునుంచి డాక్టరుని చెరువు ఛాయలకి రానివ్వలేదు.

నాది లక్ష్మీపాదమన్న మాట సాయంత్రానికి ఊరంతా పాకింది. పక్క చెరువు మంగాయమ్మ నన్ను బరబరా లాక్కెళ్లి, తెగులు పట్టిన తమ చెరువులో మోకాళ్లదాకా దింపింది. తిరిగొస్తుంటే అత్త ఎదురొచ్చింది.

"ఆ పాదాలతోనే మన చెరువులో కూడా దిగు తల్లీ!"

"చచ్చినా దిగను."

"చూశారా! పరాయివాళ్ల చెరువులో దిగిందిట, సొంత చెరువులో దిగదట!"

కాలికంటిన బురద సంగతి నేనెంత చెప్పినా అత్త వినలేదు. మర్నాడు మొదటి బస్సుకే నన్ను రేపల్లె పంపేశారు. ఏడుపొచ్చింది, కానీ చెరువులో మాత్రం దిగలేదు.

నిన్న అత్త ఫోన్ చేసింది. పట్టుబడి అయ్యిందట, ఒక్క రొయ్యకీ మచ్చ లేదట. గొంతులో ఎక్కడలేని ప్రేమ.

"నువ్వెళ్లబట్టే గండం గడిచిందమ్మా. వచ్చే పంటకి కూడా అక్కడే ఉండు!"