డ్రైవరు నేర్చిన కట్టు

ఎంత ఘాట్ రోడ్డయినా లెక్కచేయని ఆ లారీ డ్రైవరు, సూదిమొన చూస్తే మాత్రం కళ్లు తిరిగి పడిపోయేవాడు. అందుకే భార్యకు గడ్డ లేచిన ఎడమ ఊపిరితిత్తి తీసేసిన రోజున ఆసుపత్రి మెట్ల మీదే కూర్చుండిపోయాడు. గడ్డ పోయింది, గండం గడిచిందనుకున్నారంతా.

రెండు నెలలు తిరక్కుండానే ఆమెకు చలిజ్వరం పట్టుకుంది. కుట్టుమిషను ముందు కూర్చుంటే దగ్గు, దగ్గితే దుర్వాసన కొట్టే కళ్లె. డ్రైవరు ఆమెను ఎక్కించుకుని లారీని ఆసుపత్రికి పరుగెత్తించాడు.

"ఊపిరితిత్తి తీసిన చోట చీము చేరిందమ్మా. మంచి సమయానికొచ్చారు" అన్నాడు డాక్టరు. "ఎడమ పక్కకే తిరిగి పడుకో. లేకపోతే ఆ చీము మంచి ఊపిరితిత్తిలోకి పోతుంది."

గొట్టం వేసి చీము తీశారు, మందులు ఎక్కించారు. అయినా అది మొండికేసింది. చివరికి పక్కటెముకల ముక్కలు తీసి, ఛాతీకి చిన్న కిటికీలాంటి రంధ్రం పెట్టారు. లోపల శుభ్రపడేదాకా రోజూ అందులో కూరిన గాజుగుడ్డ మార్చాలి. ఆ తర్వాత వీపు కండతో ఖాళీ పూడ్చి మూసేస్తారట.

"ఇంటి దగ్గర ఎవరు మారుస్తారు?" అంది నర్సు.

తోడుగా వచ్చిన మరదలు ఫక్కున నవ్వింది. "బావని మాత్రం అడక్కండి సిస్టర్. మంచం మీద అక్క, మంచం కింద బావ!"

డ్రైవరుకు రోషం పొడుచుకొచ్చింది. "నేనే మారుస్తా."

మొదటిరోజు చెమటలు పట్టి గోడకు జారగిలబడ్డాడు. నర్సు మంచినీళ్లిచ్చి మళ్లీ చేయించింది. ఇంటికొచ్చాక మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, గ్లవ్స్ వేసుకుని, ఊపిరి బిగబట్టి మొదలుపెట్టేవాడు.

"అబ్బా, లారీకి లోడు ఎక్కిస్తున్నావా? మెల్లగా!" అనేది భార్య.

"నవ్వించకే, చెయ్యి కదులుతోంది."

వాసన తగ్గింది. ఆమెకు ఆకలి పుట్టింది. ఒకరోజు గాజుగుడ్డ తెల్లగా బయటికొస్తే, డ్రైవరు వీధిలోకి వినిపించేలా మరదల్ని కేకేశాడు.

డాక్టరు కండతో పూడ్చి కిటికీ మూసేశాక మంచం దగ్గరికొచ్చాడు. "ఇన్నాళ్లూ కట్టు కట్టిందెవరు? లోపల అద్దంలా ఉంది."

డ్రైవరు ఛాతీ ఉబ్బింది.

"బావా, కాస్త తగ్గు. గుండీలు తెగితే కుట్టే మనిషి మంచమెక్కి ఉంది!" అంది మరదలు.

"నవ్వించకే, నా కుట్లు తెగుతాయి" అంటూనే భార్య డొక్క పట్టుకుని నవ్వింది.

జ్వరం మళ్లీ రాలేదు. మెట్లెక్కితే ఆయాసం వచ్చినా మిషను చప్పుడు మాత్రం మళ్లీ మొదలైంది. ఇన్నాళ్లూ ఆపేసిన లారీని డ్రైవరు మళ్లీ తీస్తుంటే గుమ్మం దాకా వచ్చి, "ఇంక బయల్దేరవయ్యా, నీ మొహం చూసి చూసి విసుగొచ్చింది" అంది ఆమె.

డ్రైవరు వీధి చివరిదాకా హారను మోగిస్తూనే వెళ్లాడు.