మాస్కు లాగిన మధ్యాహ్నం

ఐర్లండ్‌లో స్వోర్డ్స్ అనే ఊళ్లో డ్యూటీ దిగి బస్‌స్టాపులో నిలబడ్డ లీలారాణికి ఫోనులో ఫెబి ఏడుపు వినపడింది. ఫెబి ఆసుపత్రిలో నర్సు. ఇద్దరూ ఒకే ఇంట్లో అద్దెకుంటారు, ఒకే పొయ్యి మీద వండుకుంటారు.

"అక్కా, నాకు పాజిటివ్ వచ్చింది. నువ్వు కూడా టెస్ట్ చేయించుకోవాలంట. డ్యూటీలో మాస్క్ తియ్యలేదు కదా?"

తీసింది. నిన్న మధ్యాహ్నం, గ్విలిమ్ ప్రాసర్ గారి గదిలో.

లీలారాణి ఆయాగా పనిచేసే వృద్ధుల హోములో ప్రాసర్ గారంటే అందరికీ కాస్త హడలు. ఆయన వేల్స్ దేశపు చరిత్రకారుడు. ఏళ్ల తరబడి రేడియోలో చరిత్ర చెప్పి, ఆపైన ఒక యూనివర్సిటీని ఏలి, భార్య పుట్టిన దేశమని ఐర్లండ్ వచ్చి ఉండిపోయారు. భార్య పోయింది, వినికిడి పోయింది. మిగిలింది ఆ గొంతు ఒక్కటే. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకునేవారు. కరోనా వచ్చి అందరి నోళ్లకూ మాస్కులు తగిలించేసరికి ఆయనకు లోకమంతా మూగబోయింది. పలక మీద రాసి చూపిస్తే సరిపోతుందని అనుకున్నారు హోము పెద్దలు, మహానుభావులు!

నిన్న ఆయన ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "రేడియోలో వారాల తరబడి ప్లేగు గురించి చెప్పాను లీలా. ఎంత దర్జాగా చెప్పానని! భయమంటే ఏమిటో అప్పుడు తెలియదు. ఒక్కసారి మనిషి నోరు చూడనివ్వు."

ఆమె మనసు కరిగింది. మాస్కు లాగి, "నేనున్నాగా, భయపడకండి" అంది. ఆయన తెప్పరిల్లి మాటల్లో పడ్డారు. యూనివర్సిటీలో ఒక శాఖను మూసేసినప్పుడు ఆ కబురు చెప్పడానికి మొహం చెల్లక తన గుమాస్తాని పంపారట. జనం అతన్ని తిట్టిపోస్తుంటే పైగదిలో తెరలు వేసుకుని కూర్చున్నారట. ఆయన చెబుతున్నంతసేపూ ఆమె మాస్కు గడ్డం కిందే ఉంది.

ఇప్పుడు లీలారాణి హోమును చూసుకునే మేట్రన్ బ్రీడకు ఫోన్ చేసి ఫెబి సంగతి చెప్పింది.

"ఎవరి గదిలోనైనా మాస్కు తీశావా?"

ఈ పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పర్మిట్ పోతుంది. తెనాలిలో అమ్మ దగ్గరున్న కూతుర్ని తెచ్చుకునే ఆశా పోతుంది.

"లేదు," అంది.

"గ్రాండ్, మంచిది. అయితే ఇంటికెళ్లి తలుపేసుకో," అని మేట్రన్ పెట్టేసింది.

టీ వేళవుతోంది. ప్రాసర్ గారిని హాల్లోకి తెస్తారు. ఆయన బల్ల దగ్గరే ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతో కాథ్లీన్ అనే పెద్దావిడ కూర్చుంటుంది. ఆ సంగతి లీలారాణికి గుర్తొచ్చింది. మళ్లీ ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. "ప్రభువా, ఎంత పని చేశాను!" అనుకుంటూ వచ్చిన బస్సును వదిలేసి వెనక్కి హోముకు పరుగెత్తింది.

పూలమొక్కలు తొక్కుకుంటూ వెళ్లి హాలు కిటికీ అద్దాన్ని బాదింది. ప్రాసర్ గారి చక్రాల కుర్చీ ఇంకా గుమ్మంలోనే ఉంది. అద్దం అవతల కదలిక చూసి ఆయన తలెత్తారు. ఆమె మాస్కు తీసి ఒక్కో మాటా విడదీసి పలికింది.

"నాతో ఉండే అమ్మాయికి కరోనా. నాకూ ఉండొచ్చు. నిన్న మాస్కు తీశాను కదా. లోపలికి వెళ్లకండి."

ఆయన మొహం పాలిపోయింది. రెండు చేతులతో చక్రాలు గట్టిగా పట్టుకుని ఆపారు. తర్వాత లేచిన గొంతు అద్దం ఇవతలికి కూడా వినిపించింది.

"ఎవరూ నా దగ్గరికి రావద్దు. నాకు జబ్బు అంటి ఉండొచ్చు. నిన్న ఆ అమ్మాయి చేత మాస్కు తీయించింది నేను. నేనే హుకుం వేశాను. తిట్టేవాళ్లు నన్ను తిట్టండి."

ఈసారి గుమాస్తాని పంపలేదు.

మేట్రన్ పరుగున వచ్చి కిటికీ కొద్దిగా తెరిచింది. లీలారాణి వెంటనే వెనక్కి జరిగింది.

"ఆయన చెప్పేది నిజమేనా? నిన్ను బలవంతపెట్టారా?"

అవునంటే చాలు. పర్మిట్ నిలుస్తుంది, కూతురూ వస్తుంది. ప్రాసర్ గారు ఆమె పెదవులనే చూస్తున్నారు.

ఆయనకు కనపడేంత దూరంలోనే ఆగి, "లేదు మేట్రన్. ఆయన అడిగారంతే. తీసింది నేను. ఇందాక మీకు అబద్ధం చెప్పిందీ నేనే," అంది.