పది నుంచి రెండు

తొమ్మిదింటికి లింగరాజు మైకు ముందు కూర్చుని కరెంటాఫీసు కాయితం విప్పాడు. ఏ పేటకి ఎప్పుడు కరెంటో చదవాలి. రేడియోలో అతని పేరు కో జా మిన్; బర్మీసులో 'కో' అంటే అన్న. అసలు పేరు పలికితే వినేవాళ్ల నాలుక మడతపడి ఆస్పత్రులు నిండిపోతాయని మేనేజరు బెంగ.

లింగరాజు తండ్రి రంగూన్ రేవులో కూలీ. ఆయన మోసిన బస్తాలు పేర్చి పైకెక్కితే విశాఖపట్నంలో ఆరేసిన చీరలు కనబడతాయి. ఆ వీపు మీదే కొడుకు యాస తగలని బర్మీసు నేర్చుకున్నాడు.

"నిన్న ఏ పేటకీ కరెంటు రాలేదు సార్. 'రావచ్చు' అని చదువుతాను."

"కాయితంలో 'రావచ్చు' లేదు" అన్నాడు మేనేజరు.

కోపం గొంతు దాకా వచ్చింది. ఆ గొంతుకి జీతమిచ్చేది మేనేజరే. "చిమిండైంగ్ పేట. పది నుంచి రెండు. కరెంటు ఉంటుంది" అని చదివేశాడు. మాడిపోయిన బల్బు కూడా సిగ్గుపడి వెలిగేంత కమ్మగా చదివాడు.

ఊళ్లో ఆ మాట నమ్మే మనిషి ఒక్కతే. చిమిండైంగ్‌లో, ఆక్సిజన్ మిషన్ పక్కన మంచం మీద, వాళ్లమ్మ వెంకమ్మ. కరెంటు లేనప్పుడు ఆ మిషన్ బేటరీ మీద నడుస్తుంది.

బయటికొచ్చి ఫోన్ చేశాడు. "అమ్మా, బేటరీ తియ్యకు. నా మాట నమ్మకు."

"ఏటి నాయినా, ఊరందరికీ అబద్దం సెప్తావేటి నువ్వు? పక్కింటి మ్యా మ్యా నీళ్ల మోటారుకని అడిగితే ఇచ్చేసినాను. పదికి ఒస్తాది గదా, అందాకా ఓర్సుకుంటాను."

"ఇప్పుడే తెప్పించు."

"కొడుకు రేడియోలో సెప్పినాక బేటరీ ఎనక్కి అడిగితే పరువేటుంటాది?"

ఫోన్ కట్టయింది. మళ్లీ చేస్తే కలవలేదు. మ్యా మ్యాకి చేసినా అంతే. లింగరాజు మెట్లు దిగాడు.

"పదకొండింటి వార్తలెవరు చదువుతారు?" పైనుంచి మేనేజరు.

"ఆ కాయితాన్నే చదవమనండి."

బస్సు నత్తలకి దారిచ్చుకుంటూ వెళ్లింది. ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. గుమ్మంలో మ్యా మ్యా బేటరీని ఒళ్లో పెట్టుకుని కూలబడి ఉంది.

"పదింబావుకే తెచ్చాను, కో రాజు. అమ్మ తగిలించనివ్వలేదు. 'మా అబ్బాయి చెప్పాడు, వచ్చేస్తుంది' అంది. ఇంకోసారి వచ్చి చూస్తే..."

వెంకమ్మ నోరు కొంచెం తెరుచుకుని ఉంది. గాలి గొట్టం ముక్కుకే ఉంది. లింగరాజు అమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి చల్లబడిపోయింది.

దిండు పక్కన రబ్బరుబేండు చుట్టిన చిన్న సెల్లుల రేడియో, పొద్దుటి రికార్డే మళ్లీ వేశారు కాబోలు, చిమిండైంగ్‌లో పది నుంచి రెండు దాకా కరెంటు ఉంటుందని కమ్మగా చెబుతోంది.