మినిట్స్‌లో మిగిలిన మాట

"ఆ మాట కొట్టెయ్యండి, మ్యూరియెల్ గారూ," అన్నాడు బార్లో, పెన్ను మూత తీయకుండానే.

శనివారం మధ్యాహ్నం. బయట వాన. చర్చి వెనక హాల్లో కమిటీ సభ్యులు తొమ్మిదిమంది బల్ల చుట్టూ కూర్చున్నారు. పోయిన నెల మీటింగులో జరిగినదంతా రాసిన మినిట్స్‌ను కార్యదర్శి మ్యూరియెల్ అప్పుడే పైకి చదివి ముగించింది. అధ్యక్షుడు బార్లో సంతకం పెడితే నకలు బిషప్ కార్యాలయానికి వెళుతుంది. పదకొండేళ్లుగా ఆ మినిట్స్ పుస్తకంలో ఆమె చేతిరాతే.

కొట్టెయ్యమన్నది హేజెల్ ఫిర్యాదులోని మాట. పాడేవాళ్లు అంగీలు తొడుక్కునే గదిలో, తన అంగీకి బొత్తాలు పెట్టే మిషతో పాటల మాస్టరు పొకాక్ తనను చూసిన చూపు "లసివియస్" అని రాసిచ్చి, ఆ పంతొమ్మిదేళ్ల పిల్ల చర్చిలో పాడటం మానేసింది. వచ్చే నెల పొకాక్ పదిమంది ఆడపిల్లలను పాటల పోటీకి పొరుగూరు తీసుకెళ్లాలి. ఆ మాట బిషప్ దాకా వెళితే ప్రయాణం ఆగుతుంది. వెళ్లకపోతే ఆగదు.

"కామం నిండిన అని అర్థం, నాకు తెలీదా? ముప్పైయేళ్లు హెడ్మాస్టరుగా చేశాను. కోర్టుల్లో వాడే మాట అది. ఆ పిల్ల డిక్షనరీ నమిలి మింగిందా ఏం? 'మరీ చనువుగా' అంటే సరిపోదూ?" అన్నాడు బార్లో.

బల్ల చుట్టూ నవ్వులు. బిస్కత్తు టీలో ముంచుతూ పొకాక్ కూడా నవ్వాడు.

మ్యూరియెల్ చెవులు భగ్గుమన్నాయి. ఫిర్యాదు రాసిన రోజు హేజెల్ మ్యూరియెల్ వంటింట్లోనే కూర్చుని గంటసేపు డిక్షనరీ తిరగేసింది. "మామూలు మాటలు చెప్తే నవ్వేస్తారండీ. నవ్వలేని మాట ఒక్కటి కావాలి," అంది. వెతికి వెతికి తెచ్చుకున్న మాట. దానికీ నవ్వారు.

"చనువు ఇద్దరికీ ఉంటుందండీ. ఇది ఒకవైపు నుంచే వచ్చింది," అంది మ్యూరియెల్.

"వాదనొద్దు. పేజీ చించి తిరగరాయండి."

"పేజీలకి నంబర్లున్నాయి. మీరే వేయించారు." ఆమె స్కేలు తీసి ఆయన ముందుకు తోసింది. "మార్చాలంటే ఒకటే గీత. కింద మాట కనబడాలి. పక్కన మీ పొట్టి సంతకం, తేదీ. ఇదీ మీరు పెట్టిన రూలే. పోయినేడు ఒక్క తప్పు మీద తెల్లరంగు పూశానని నన్ను నిలబెట్టి కడిగేశారు. కానివ్వండి, కొట్టెయ్యండి. బిషప్ గారు కొట్టేసిన మాటే ముందు చదువుతారు. ఆ తర్వాత ఎవరు కొట్టేశారో చూస్తారు."

పొకాక్ బిస్కత్తు విరిగి కప్పులో మునిగిపోయింది.

ఇందాక నవ్వని మనిషి ఒక్కడే, గంటలు మోగించే ముసలి సగ్డెన్. అతను లేచి ఆమె చేతి దగ్గర కప్పు పెట్టాడు, రెండు చెంచాల పంచదారతో, ఆమెకు ఇష్టమైనట్టు. "చల్లారకముందే తాగమ్మా," అన్నాడు మెల్లగా.

బార్లో స్కేలును ముట్టుకోలేదు. పేజీ అడుగున, కాగితం చిరిగేంత గట్టిగా సంతకం గీకి పుస్తకం విసిరినట్టు తోశాడు. "తృప్తేనా?"

"లేదు," అంది మ్యూరియెల్. టీ ఒక గుక్క తాగి కొత్త పేజీ తెరిచింది. పైన తేదీ వేసింది. "ఇవాళ్టి మినిట్స్ మొదలుపెడుతున్నాను. ఎవరెవరు నవ్వారో చెప్పండి, రాసుకుంటాను."