దేవుడి బస్సు కమాన్లు

ఆ పూట ఇంట్లో ఎవరెవరున్నారంటే, వసారాలో చింతపండు గింజలు తీస్తూ నాయనమ్మ కృపమ్మ, వంటింట్లో అమ్మ సారా, కబురందగానే అమృతలూరు నించి వచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డ బావ మార్కు, పెద్దగదిలో కాళ్ళ కింద దిండ్లు పెట్టుకుని కదలకుండా పడుకున్న అక్క పుష్పలత, ఆమెకి విసురుతున్న చెల్లెలు రూతు. నాన్న సామ్యేలు ఉన్నట్టో లేనట్టో చెప్పడం కష్టం. మనిషి గడపలోనే కూచున్నాడు కానీ, చూపంతా ఎదురుగా చర్చి గోడ పక్కన ఆగి ఉన్న దేవుడి బస్సు మీదుంది.

పొద్దున రేపల్లెలో డాక్టరమ్మ తేల్చి చెప్పేసింది. పుష్పలతకి ఇంతకుముందు రెండు గర్భాలు నిలవలేదు. ఇప్పుడు నాలుగో నెల. బాపట్ల ఆసుపత్రిలో గర్భసంచి మూతికి కుట్టు వేయిస్తే బిడ్డ నిలిచే అవకాశం ఉంది. ఈ వారంలోనే తీసుకెళ్ళాలి, అదీ పడుకోబెట్టే తీసుకెళ్ళాలి. దారిలో కుదుపులు తగిలి నొప్పులు మొదలైతే ఇక ఎవరి చేతుల్లోనూ ఉండదు.

"రైలెక్కిస్తే?" అన్నాడు మార్కు.

"తెనాల్లో దిగి, వంతెన మెట్లెక్కి, ఇంకో రైలు పట్టుకోవాలి. మెట్ల మాటే ఎత్తొద్దందిగా ఆవిడ," అంది సారా వంటింట్లోంచి.

"పోనీ టాక్సీ?"

"టాక్సీలో కాళ్ళు చాపుకోడానికి అదేమన్నా మంచమేంటి బాబూ?"

నాయనమ్మ గింజలు పక్కన పెట్టి తలెత్తింది. "మంచమున్న బండి వాకిట్లో పెట్టుకుని ఊళ్ళన్నీ వెతుకుతారేంట్రా?"

ఆ మాట అందరి మనసులోనూ ఉన్నదే.

దేవుడి బస్సు అన్నది పిల్లలు పెట్టిన పేరు. మిషను దొరలు వెళ్ళిపోతూ సంఘానికి వదిలేసిన పాత వ్యాను అది. లోపల గోడకి బిగించిన మంచాలు, కిరసనాయిలు స్టవ్వుకి ఒక అరుగు, నీళ్ళ డ్రమ్ము, బట్టల బీరువా, అన్నీ ఉన్నాయి. సామ్యేలు ఉపదేశి, సంఘానికి వాక్యం చెప్పేవాడు. ఎండాకాలం వస్తే పాటల జట్టుని, హార్మణీని, బియ్యం మూటల్ని ఎక్కించుకుని కొల్లూరు లంకల వైపు వెళ్ళేవాడు. వంటా పడకా అన్నీ అందులోనే. వెనక చక్రం మీదుగా ఉండే మంచం రూతుది. ఆ బండి ఏ గుంటలో ఎంత ఎగురుతుందో ఆమె నడుముకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

"అందులో పడుకోబెడితే బాపట్ల ఎందుకు, ఊరి చివరికి వెళ్ళేలోపే..." అని మార్కు మధ్యలో ఆగిపోయాడు. లోపల్నించి పుష్పలత అంది: "వినపడుతోందండీ."

రూతు విసనకర్ర పక్కన పెట్టి బయటికెళ్ళింది. బస్సు వెనక మూల మీద రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కి వదిలింది. బండి దిగి లేచింది, మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది. కప్పలా ఊగుతూనే ఉంది. వంగి చూస్తే చక్రం వెనక కుదుపులు ఆపే గొట్టం నిండా నూనె కారి దుమ్ము పట్టి ఉంది. చక్రాల మీద బండిని మోసే ఇనప కమాను పట్టీల్లో ఒకటి విరిగి పక్కకి జరిగిపోయింది.

"నాన్నా," అంది లోపలికొచ్చి, "దీన్ని బాగుచేయించు."

అందరూ ఆమె వైపు తిరిగేసరికి రూతు తల దించుకుంది. పదిమందిలో నోరు విప్పే పిల్ల కాదు. కానీ అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

రేపల్లెలో పున్నారావు షెడ్డుది ఘనమైన పేరు. జంపని పంచదార ఫ్యాక్టరీకి చెరుకు తోలే లారీలన్నిటికీ కమాన్లు కట్టేది అతనే. అతను కట్టిన కమాను విరిగిందన్న మాట ఎవరూ వినలేదు. సామ్యేలు తెనాలి వెళ్ళి కొత్త షాక్ అబ్జార్బర్లూ, రబ్బరు బుష్షులూ తెచ్చిచ్చాడు. పున్నారావు పనికి దిగి, పాత గొట్టాలు ఊడబెరికి అవతల పారేశాడు. మధ్యాహ్నం రూతు క్యారేజీ తీసుకుని వెళ్ళేసరికి వెనక కమాన్లు కట్టలుగా కట్టి సిద్ధంగా ఉన్నాయి. పాతవాటికన్నా లావుగా కనపడ్డాయి.

"అదనంగా పట్టీలు వేశాను ఉపదేశిగారూ," అన్నాడు పున్నారావు చేతులు తుడుచుకుంటూ. "ఇక మీ మనవలు నడిపినా విరగదు."

సామ్యేలు మొహం వెలిగింది. కట్ట అంత మందంగా ఉంటే వంగేదెట్లా అని రూతుకి అనిపించింది. కానీ అడగడానికి నోరు రాలేదు.

సాయంత్రం బండి ఇంటికి తోలుతుంటే రూతు ముందు సీట్లో కూచోలేదు. వెనక్కెళ్ళి, అక్కని పడుకోబెట్టబోయే మంచం మీద వెల్లకిలా పడుకుంది. షెడ్డు దాటగానే అర్థమైంది. ముందులా ఊగడం పోయింది. దాని బదులు రోడ్డు మీది ప్రతి గులకరాయీ వచ్చి వెన్నులో పొడుస్తోంది. ఇంటికి చేరగానే ఇత్తడి చెంబుతో నీళ్ళు తెచ్చి ఆ మంచం మీద పెట్టి, నాన్న చేత చర్చి చుట్టూ ఒకసారి తిప్పించింది. చెంబు బోర్లా పడి మంచం కింద దొరికింది.

"కొత్త కమాను కదమ్మా, సర్దుకుంటుందిలే," అన్నాడు సామ్యేలు.

"ఎల్లుండి బయల్దేరాలిగా. అప్పటికి సర్దుకుంటుందా?"

"పున్నారావుకి తెలీదంటావా?"

"లారీ సంగతి తెలుసు నాన్నా. అక్క సంగతి ఆయనకేం తెలుసు?"

మర్నాడు పొద్దున్నే రూతు నాన్నని నిద్ర లేపి, బండిని మళ్ళీ షెడ్డుకి తోలించింది. దారి పొడుగునా ఏం అనాలో లోపల్లోపల చదువుకుంటూనే ఉంది. తీరా పున్నారావు ఎదురొచ్చేసరికి చదువుకున్నదంతా ఎగిరిపోయింది.

"ఏంటమ్మాయ్, అప్పుడే వచ్చారు? విరిగిందా?" అన్నాడు వెక్కిరింతగా.

"విరగలేదు బాబాయ్. మీరు ఒక్కసారి లోపల మంచం మీద పడుకోండి."

షెడ్డులో రెంచీల చప్పుడు ఆగిపోయింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"నేనెందుకమ్మా పడుకోడం? నేనేమన్నా కడుపుతో ఉన్నానా?"

ఈసారి అందరూ నవ్వారు. రూతు చెవులు ఎర్రబడ్డాయి. అయినా బండి తలుపు పిడి వదల్లేదు. "రైలు గేటు దాకా, అంతే బాబాయ్. బాగుందని మీరంటే ఇంటికెళ్ళిపోతాను. ఇంకేం అడగను."

"ఉపదేశిగారూ, మీ అమ్మాయి మాట్లాడదని చెప్పారే!"

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు సామ్యేలు.

పున్నారావు చెప్పులు విప్పి ఎక్కాడు. సామ్యేలు గేటు దాకా తోలి, పట్టాలు దాటించి, తిప్పి తీసుకొచ్చాడు. వెనకనించి ముందు మూలుగులు, తర్వాత తిట్లు వినపడ్డాయి. బండి ఆగాక పున్నారావు నడుం పట్టుకుని దిగి, కాసేపు అలాగే వంగి నిలబడ్డాడు.

"ఇది బండి కాదండీ బాబూ, రోకలి," అన్నాడు. తర్వాత రూతు వైపు చూసి తనే నవ్వేశాడు. "ఇన్నేళ్ళూ చెరుకు మోసే బళ్ళకే కమాన్లు కట్టానమ్మా. చెరుకు నాకు ఎప్పుడూ నడుం నెప్పని చెప్పలేదు."

"అదనపు పట్టీలు తీసెయ్యండి బాబాయ్."

నవ్వు తగ్గిపోయింది. పున్నారావు సామ్యేలుతో అన్నాడు: "తీసేస్తే మెత్తగా పోద్దండీ. కానీ నిజం చెప్పాలిగా. మొన్నటి తుపానుకి బాపట్ల రోడ్డు గండ్లు పడి ఉంది, గుంటల్లో రాళ్ళు పోసి వదిలేశారు. బండి గట్టిగా దిగిందంటే పల్చటి కమాను విరగొచ్చు. నడి పొలాల్లో విరిగితే ఏం చేస్తారు? ఇలాగే ఉంచితే మాత్రం బండికి ఢోకా లేదు."

సామ్యేలు బస్సు చుట్టూ తిరిగొచ్చాడు. ఆ బండి సంఘానిది. పాడైతే పెద్దలకి జవాబు చెప్పాల్సింది ఆయనే. ఇన్నేళ్ళూ దాని గురించి ఆయనకున్న భయం ఒకటే, బరువుకి ఎక్కడ కూలబడుతుందోనని.

"నాన్నా, ఈసారి జట్టు ఎక్కడం లేదు," అంది రూతు. "హార్మణీ లేదు, మూటలు లేవు. అక్క ఒక్కతే. బండి విరిగితే మళ్ళీ కట్టించుకోవచ్చు."

"దారిలో విరిగితే?"

"గుంట వచ్చిన ప్రతిచోటా నేను దిగి ముందు నడుస్తాను. నా అడుగులో చక్రం వెయ్యి. అంత నెమ్మదిగా వెళ్తే విరగదు."

"బాపట్ల దాకానా?"

"ఎంత దూరమైతే అంత దూరం."

సామ్యేలు షెడ్డు వైపు తిరిగాడు. "తియ్యి పున్నారావూ," అన్నాడు.

ఆ రోజంతా పని జరిగింది. అదనపు పట్టీలు తీసేసి, మిగిలినవాటిని గీకి, మధ్యన గ్రీజు పూసి కట్టారు. బండి మరీ తేలిపోకుండా లోపల కింద ఇసక బస్తాలు పరిచారు. జాకీ దించి, బరువు చక్రాల మీద పడ్డాకే బుష్షుల బోల్టులు బిగించారు. పున్నారావు మళ్ళీ తనంతట తనే ఎక్కి పడుకున్నాడు. ఈసారి తిట్లు వినపడలేదు. వెళ్ళేటప్పుడు ఒక చెక్క దిమ్మా, మోకూ ఇచ్చి, కమాను విరిగితే ఆ దిమ్మని ఇరుసుకీ ఫ్రేముకీ మధ్య ఎలా కట్టాలో సామ్యేలుకి చూపించాడు.

తెల్లవారుతూనే బయల్దేరారు. పుష్పలతని దుప్పటితో సహా ఎత్తి మంచం మీద పడుకోబెట్టారు. మార్కు ఆమె తల దగ్గర కింద కూచున్నాడు. నాయనమ్మ ప్రార్థన చేసి, ఆమేన్ అన్నాక కూడా బండి రేకు మీంచి చెయ్యి తియ్యలేదు.

చెరుకుపల్లి వైపు మళ్ళగానే మొదటి గండి వచ్చింది. రూతు దిగింది. పరికిణీ కుచ్చెళ్ళు పైకి దోపుకుని, బురదలో గట్టి నేల వెతుక్కుంటూ ముందు నడిచింది. వెనక దేవుడి బస్సు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు తల బయటపెట్టి అరిచాడు: "ఏంటమ్మా, ఊరేగింపా?" కిటికీల్లోంచి మొహాలన్నీ ఆమెనే చూశాయి. ఇంకో రోజైతే రూతు చేలో దూకి దాక్కునేది. ఇప్పుడు చెయ్యెత్తి బస్సునే ఆగమంది. బస్సు ఆగింది.

అలా దిగుతూ ఎక్కుతూ చాలా దూరం వెళ్ళారు. ఒకసారి ఎక్కినప్పుడు పుష్పలత కళ్ళు తెరిచి, "పెద్ద గండి ఇంకా రాలేదా?" అంది.

"దాటేశాం పుష్పా," అన్నాడు మార్కు. అతని చొక్కా చెమటకి తడిసి ముద్దయిపోయింది.

బాపట్ల ఇంకా కనపడకముందే, ఒక కల్వర్టు దిగుతుండగా వెనక ఎడమవైపు ఠప్పుమంది. బండి ఆ మూలకి ఒరిగింది. సామ్యేలు దిగి వంగి చూశాడు. పట్టీ నడిమికి విరిగింది.

"అక్కా, నొప్పుందా?" రూతు కిటికీలోంచి అడిగింది.

"లేదు. ఆ చప్పుడేంటే?"

"ఏం లేదు. పడుకో."

తండ్రీ కూతురూ కలిసి దిమ్మ పెట్టి మోకు బిగించారు. ఇక ఆ మూల కమాను లేనట్టే, రాయి తగిలితే దెబ్బ నేరుగా మంచానికే. రూతు మళ్ళీ బండెక్కలేదు. అక్కడినించి ఊళ్ళోకీ, ఊళ్ళోంచి ఆసుపత్రి గేటు దాకా బండి ముందే నడిచింది. దారిలో రాయి కనపడితే వంగి తీసి పక్కన పడేస్తూ నడిచింది. రిక్షావాళ్ళు బెల్లు కొట్టారు, తిట్టారు. ఆమె పక్కకి తప్పుకోలేదు.

ఆసుపత్రి వరండాలో నర్సు స్ట్రెచరు తోసుకొచ్చి, పుష్పలత పొట్ట మీద చెయ్యి వేసి అడిగింది: "దారిలో నొప్పులొచ్చాయా?"

"లేదండి."

"బట్ట తడిసిందా?"

"లేదండి."

"రేపల్లె నించి ఈ రోడ్డు మీదా?" అని నర్సు అనుమానంగా మళ్ళీ చూసింది. అప్పటికే ఇక్కడి డాక్టరమ్మ లోపల్నించి తీసుకురమ్మని పిలుస్తోంది. స్ట్రెచరు కదిలింది. సామ్యేలూ మార్కూ కాగితాల గది వైపు వెళ్ళారు. రూతు మాత్రం అక్క చెయ్యి పట్టుకుని స్ట్రెచరు వెంట నడిచింది. పొద్దుటినించీ ముందు నడిచిన అలవాటుకి, తెలియకుండానే ఒక అడుగు ముందుకే పడుతోంది.

గుమ్మం దగ్గర నర్సు ఆగి, మోకాళ్ళ దాకా బురద కొట్టుకుపోయిన ఆమె కాళ్ళకేసి చూసింది. "నువ్వెవరమ్మా?"

"చెల్లెల్నండి."

"నువ్వు లోపలికి రాకూడదు. ఇక మేం చూసుకుంటాం."

రూతు అక్క చెయ్యి ఒకసారి గట్టిగా నొక్కి వదిలింది. స్ట్రెచరు లోపలికి వెళ్ళింది. నర్సు తలుపు వేసేసింది.