స్టీలు డబ్బాలో స్పాంజి

శుభ్రం విషయంలో పార్లర్ అత్తకు వంక పెట్టే మొనగాడు ఇంకా పుట్టలేదు. ఆ పేరు మేనకోడలు పెట్టింది. ఇంటి ముందుగదిలో కుర్చీ, అద్దం వేసుకుని పదేళ్లుగా పెళ్లికూతుళ్లకు మేకప్ వేస్తోందావిడ. నిప్పులు కడిగే రకం. అలాంటి మనిషిని పట్టుకుని సొంత వదినే, "నా బుగ్గల మీద ఈ కురుపులు నీ స్పాంజి వల్లే లేచాయి. రేపు పిల్ల పెళ్లికి వేరే ఆవిణ్ణి పిలుస్తాం" అంటే ఒళ్లు మండదూ? ఆ పిల్లను ఎత్తుకుని పెంచింది తను. దాని పెళ్లికి తన చేత్తో ముస్తాబు చేయాలని అది ఉయ్యాల్లో ఉన్నప్పటినుంచీ ఆశ.

"రా వదినా, నీ కళ్లముందే తేల్చేస్తాను" అంది.

ఫోన్‌లో చూసిన చిట్కా ఒకటుంది. కప్పులో సబ్బునీళ్లు పోసి, స్పాంజి ముంచి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెడితే లోపలి మురికంతా బయటికొస్తుందట.

"నీళ్లు తేటగా ఉంటే మేకప్ నాదే. సరేనా?"

"సరే" అంది వదిన.

అత్త ధీమా అత్తది. స్పాంజిని రోజూ కడుగుతుంది. కడిగిన వెంటనే, దుమ్ము పడకుండా, స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తుంది. బయట ఆరబెడితే ఈగలు వాలవూ?

నిమిషమన్నా కాకుండానే కప్పు పొంగింది. తలుపు తీసేసరికి కంపుకు ముక్కు బద్దలైంది. తడి సాక్సులు వారం మూటగట్టి ఉడకబెట్టినట్టుంది. నీళ్లు గోధుమరంగులో ఉన్నాయి. పైన జిడ్డు తెట్టె, అందులో ఎవరివో రెండు కనుబొమ వెంట్రుకలు.

"అదంతా ఫౌండేషనే" అని దబాయించింది గానీ గొంతులో పస లేదు.

వదిన ముక్కు మూసుకుని వంటింటి కత్తెర అందించింది. "కోసి చూడు."

కోసింది. లోపలంతా నల్లటి బూజు. నడిమధ్య ముద్దగట్టి ఉంది. నొక్కితే చీమిడిలాంటి జిగురు వేళ్ల మధ్య సాగింది. పొద్దున్నే దీన్ని తన పెదవుల చుట్టూ అద్దుకున్న సంగతి గుర్తొచ్చి, సింకు దగ్గరికి పరుగెత్తి భళ్లున కక్కుకుంది. కళ్లు మూసుకుని తనకు ముఖాలప్పగించిన ఆడపిల్లలంతా ఒక్కొక్కరే గుర్తొచ్చారు. మళ్లీ కక్కుకుంది.

"తడి మీద మూత బిగించి ఈ బూజును నేనే పెంచాను వదినా. రేపు వేరే ఆవిణ్ణే పిలువు."

కన్నీళ్లు తుడుచుకోబోయి, చెయ్యి ముఖం దాకా తెచ్చి, అసహ్యమేసి దించేసింది.

 వదిన కత్తెర కడిగి తెచ్చి ఆవిడ ముందు పెట్టింది.

"పిలుస్తాను. కానీ ఆవిడ పెట్టెలో ప్రతి స్పాంజీ నువ్వు కోసి చూశాకే పిల్ల ముఖం ముట్టుకోనివ్వు. నువ్వు చూస్తే తప్ప నాకు నిద్రపట్టదు."