శరభయ్యగారి టోపీమీది బొట్టు

వర్షర్తువున కలకబారిన జలమును దిగవిడిచి గోదావరీమహానది క్రమక్రమముగా తేటపడుచుండ, నిర్మలనీలగగనతలమున తెల్లని మబ్బులు తొందరలేక సాగుచుండ, గట్టుమీది రెల్లుపూలు ప్రభాతమందమారుతమునకు తలలూచుచుండ, రాజమహేంద్రవరమున మహానవమి యుదయించెను. ఆనాడు పనిముట్టు పట్టి బ్రతుకు ప్రతివాడును దానికి మ్రొక్కును. కంసాలి సుత్తికిని దర్జీ కుట్టుమిషనుకును బండివాడు కాడికిని పసుపుకుంకుమ లలంకరించిరి. ఛాయాచిత్రకారుడగు శరభయ్యగారి యింటను పాతకెమెరాయు దాని ముక్కాలిపీటయు రంగులకుంచెలును పీటలపై కొలువుదీరియుండెను.

ఆ కొలువునకు రాని వస్తు వొక్కటి మాత్రము గోడమేకునకు వ్రేలాడుచుండెను. అది కాఫీగింజవన్నె గల ప్రాతఫెల్టుటోపీ. శరభయ్యగారికి విద్య నేర్పిన గురువు మదరాసున నవసానకాలమందు దానిని స్వహస్తముతో శిష్యుని శిరముపై నుంచి కన్నుమూసెనట. అది నెత్తిని లేనిదే యాయన యొక్క ఫోటోకును పూనుకొని యెరుగడు. కెమెరాపై గప్పిన నల్లగుడ్డలో తల దూర్చుటకు ముందు తానే తీసి స్టూలుపై బెట్టును, పని ముగిసిన పిమ్మట తానే దులిపి మేకునకు తగిలించును. పరు లెవరైన వ్రేలు మోపిరా, అబ్బబ్బ, ఆ కేకలు వీథి చివరికి వినబడవలసినదే!

ఆయన కోడలు హైమవతి. నలుపుతెలుపుల ఛాయాచిత్రములకు మామగారు రంగులద్ది చీరెయంచులకును చెక్కిళ్ళకును ప్రాణము పోయుచుండగా గుమ్మముకడ నిలిచి చూచి చూచి, ఆ విద్య తనకు నేర్పుమని యామె యెన్నాళ్ళనుండియో వేడుకొనుచుండెను. ఎట్టకేల కాయన మెత్తబడి విజయదశమినాడు కుంచె చేతికిత్తునని మాట యిచ్చెను. ఆ సంతోషము పట్టలేకయే యా పిల్ల కొంప ముంచుకొనెను.

భర్త యుత్సవచిత్రములకై పిఠాపురమునకును, మామగారు నదీస్నానమునకును పోయియుండ, పూజ కన్నియు సమకూర్చిన హైమవతి దృష్టి టోపీపై బడెను. అది లేనిదే పని జరుగదు గదా, మరి యదియు పనిముట్టే గదా! ఎంత సూక్ష్మబుద్ధియో చూచితిరా? పసుపు తడిపి ముందుభాగమున దట్టముగా బొట్టుపెట్టి పైని కుంకుమ యద్దెను. అద్దిన పిదప గాని మామగారి కేకలు జ్ఞప్తికి రాలేదు.

వెంటనే దులిపెను. కుంకుమ రాలెను గాని పసుపు కదలలేదు. సబ్బు రుద్దెను. పసుపుమచ్చ చూచుచుండగనే యెర్రబారెను. "అయ్యో రామా!" యని నిమ్మకాయ పిండ, మరల పచ్చబడెను. దిక్కుతోచక డాబాపై నెండలో నుంచెను. సాయంకాలమునకు పసుపు పోయినమాట నిజమే. దానితో కాఫీవన్నెయు పోయి, బొటనవ్రేలంత మేర వెలవెలబారెను. ఇక కుంచె మాట దేవుడెరుగు, ఆ రంగులగది గుమ్మము ద్రొక్కనిత్తురా యని యామె టోపీ నొడిలో బెట్టుకొని కూర్చుండెను.

స్నానదర్శనాదులు ముగించుకొని పురాణకాలక్షేపమున ప్రొద్దుపుచ్చి తిరిగివచ్చిన శరభయ్యగారు బోసిమేకును జూచిరి.

"అమ్మాయీ, టోపీ ఏదమ్మా?"

హైమవతి దానిని ముందుంచి భోరున నేడ్చెను. "నేనే పాడుచేశానండి, మావయ్యగారూ. పనిముట్టే కదా అని బొట్టు పెట్టాను. రేపు నాకు కుంచె ఇవ్వకండి. ఈ చేతులకి అది తగదు."

కేక రాలేదు. ముసలాయన టోపీని దీపముకడ నటునిటు త్రిప్పి, "ఇడ్లీపాత్రలో నీళ్ళు పెట్టమ్మా. ఆవిరి కావాలి," అనెను.

రుద్దుటచే నణగిపోయిన నూగు లేచుటకై యావిరిపై టోపీని బట్టి మెత్తని దులుపుకుచ్చుతో నామె దువ్వుచుండ, మచ్చప్రక్క కాఫీరంగు పొడి కొంత కుచ్చునకంటుకొని వచ్చెను. దాని క్రింద వ్రేలికొనయంత మరియొక పాలిపోయిన చుక్క బయటపడెను.

"అయ్యో, ఇంకోటీనా! ఇదీ నేనే చేశానా అండీ?"

శరభయ్యగారు పీటపై చతికిలబడిరి. ఆ చుక్కను తాకబోయి చేయి వెనుకకు దీసికొనిరి.

"నువ్వు కాదమ్మా. మీ అత్తగారు. కాపరానికొచ్చిన కొత్త. మొదటి నవమికి ఇలాగే మురిసిపోతూ బొట్టు పెట్టింది. నేను నోటికొచ్చినట్టు తిట్టి, రంగుపొడి అద్ది కప్పేశాను. ఆ తరవాత ఏటా అన్నిటికీ బొట్టు పెట్టేది, దీని దగ్గరికొచ్చేసరికి చెయ్యి చీరకి తుడుచుకుని పక్కకి వెళ్ళిపోయేది. పెట్టవే రత్నం, అని ఒక్క మాట అనలేకపోయానమ్మా. పోయేదాకా అనలేకపోయాను."

హైమవతి పొయ్యి యారిపోవుటయు గమనింపక విని, పైటచెంగుతో కన్నులొత్తుకొనెను. ఆమె యత్తగారిని చూచియెరుగదు.

విజయదశమి తెల్లవారెను. శరభయ్యగారు కోడలిచేత దేవునికి దండము పెట్టించి కుంచె చేతికిచ్చిరి. తొలిపాఠము టోపీయే. కావిపొడిలో దీపపుమసి చిటికెడు కలిపి, తడి తగులనీయక, నూగు వాలిన దిక్కుననే కొంచెము కొంచెముగా నద్దుచు, మాటిమాటికి గుమ్మపువెలుగున పోల్చి చూచుకొనుచు నామె పనిచేసెను. తొందరపడినపుడెల్ల, "నిదానం, నిదానం," అని యాయన హెచ్చరించెను. జాముప్రొద్దెక్కునప్పటికి తాను చేసిన మచ్చ యెచటనుండెనో యామెకే తెలియలేదు. అంతట కుంచె రెండవచుక్కవైపు సాగెను.

"దాన్ని ముట్టుకోకు," అని శరభయ్యగా రామె చేయి పట్టుకొనిరి.

ఆ మధ్యాహ్నమే పండుగబట్టలతో నొక వర్తకుడు ఫోటోకు వచ్చి, కుర్చీలో బిగిసి కూర్చుండి, ఆయన శిరమువంక జూచి మొగమాటముగా ననెను. "ఏమనుకోకండి, శరభయ్యగారూ, తమ టోపీమీద ఏదో మచ్చ పడిందండి."

"మచ్చ కాదండి, మా ఆవిడ పెట్టిన బొట్టు. ఇటు చూడండి. కదలకండి."

అని శరభయ్యగారు టోపీ తీసి, స్టూలుపై బెట్టక, ప్రక్కనున్న హైమవతి చేతికిచ్చి నల్లగుడ్డలో తల దూర్చిరి. వర్తకుడు కదలక కూర్చుండెను. కోడలు టోపీని రెండుచేతుల బట్టుకొని నిలిచెను. గుడ్డలోనున్న యాయన మాత్రము చాలసేపటివరకు వెలుపలికి రాలేదు.